గడి నంబరు పదకొండు

పుంతా అరేనాస్‌లో గాలి పగబట్టిన రోజున
మునిసిపాలిటీ వాళ్లు వీధి మూలల్లో తాళ్లు కడతారు,
పట్టుకుని నడవమని.
ముడి ఎవరు వేశారని అడిగితే చెబుతారు:
పసుపు కోటు ఔదీలియో.
జారితే మర్నాడు అతని తలుపే కొడతారు.

ఆసుపత్రిలో రికార్డుల గది నాది,
మనిషి తక్కువైన రాత్రుల్లో చేరికల కిటికీ కూడా.
నా చేతికొచ్చేసరికి మనుషులు కాగితాలై ఉంటారు.

నిబాల్దో బర్రీయా, అరవై ఎనిమిది,
నలభై ఏళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించిన మణికట్లు.
జూలైలో ఒక మంగళవారం రాత్రి
కడుపు నొప్పని వచ్చాడు.
మంచం పక్కన తెర అతనికి ఆకుపచ్చ ఇచ్చింది:
ప్రమాదం నూటికి ఆరు పాళ్లు.
గంటగంటకీ ఆరు. అర్ధరాత్రి దాటినా ఆరే.

నర్సు ఎదువీహిస్ దుప్పటి ఎత్తి పాదాలు తాకింది.
చేపల బజారు పలకరాయిలా ఉన్నాయి.
"ఈయన నాకు బాగా కనిపించడం లేదు" అని రాసింది,
అంకె లేని వాక్యం.
దాన్ని చదివే కన్ను తెరకు లేదు.
రెండుసార్లు ఫోను చేసింది.
డాక్టరు మారూసిచ్ కింది అంతస్తులో
మోచేతుల దాకా ఇంకొకరి రక్తంలో ఉన్నాడు.
"తెర ఏమంటోంది?"
"ఆకుపచ్చ."
"అయితే ఇది కానిచ్చి వస్తాను."
ఆ 'అయితే' పొడుగెంతో తర్వాత నేను కొలిచాను:
రెండు గంటల పది నిమిషాలు.

జూలైలో మాకు పదింటికి గాని తెల్లవారదు.
అతనికి అప్పుడూ తెల్లవారలేదు.

చొక్కా జేబులో మడత పెట్టిన మందుల చీటీ దొరికింది.
గుండెకు వేసుకునే మాత్ర, నాడిని పరుగెత్తనివ్వనిది.
ఒంట్లో నిప్పంటుకున్నా నాడి నింపాదిగా నడిచింది.
ఆ నింపాదిని యంత్రం ఆరోగ్యం అనుకుంది.
అది పాఠం నేర్చుకున్న ఒళ్లు వేరు, ఊళ్లు వేరు.

అన్యాయంగా మాట్లాడను.
అదే వారం, తొమ్మిదో మంచం బాలింత జబ్బును
అందరికన్నా ముందు పట్టిందీ ఆ తెరే.
ఆమె కొడుక్కి ఇప్పుడు పళ్లొస్తున్నాయి.
ఆ పిల్లాణ్ణి తలుచుకోకుండా ఈ లెక్క రాయలేను.

విచారణ గదిలో హీటరు, కాఫీ, ఏడుగురు.
సాంతియాగో నుంచి కొత్త బూట్లతో వచ్చిన కంపెనీ మనిషి:
"మాది సలహా మాత్రమే."
డైరెక్టరు: "సంతకం డాక్టరుది."
డాక్టరు, కళ్లెత్తకుండా: "ఎరుపంటే పరుగెత్తేవాణ్ణి."
కొనుగోలు కమిటీ: "పరీక్ష పాసైందని కాగితం ఉంది."
అబద్ధం ఒక్కటీ లేదు.
అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం.

చెల్లెలు ఒతీలియా కోటు విప్పకుండా చివర్న కూర్చుంది.
డబ్బు అడుగుతుందనుకున్నారు.
"నాకు కోపంగా ఉంది," అంది,
"దాన్ని ఎవరింటికి తీసుకెళ్లను?
గోడమీది పెట్టెను తిడితే పిచ్చిదంటారు."
ఎవరో చక్కెర కరిగిపోయాక కూడా
కాఫీ కలుపుతూనే ఉన్నారు.

చివరికి ఫారం నా బల్లమీదికి వచ్చింది.
గడి నంబరు పదకొండు: బాధ్యులు.
ఒకటే గీత, బొటనవేలంత.
ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకు పోనివ్వదు.
'వ్యవస్థ' అని కొడితే పోనిస్తుంది.
నా వేలు ఆ మాట మొదటి అక్షరం మీదే ఉంది, ఒప్పుకుంటున్నాను.

డ్యూటీ దిగిన ఎదువీహిస్ తలుపు దగ్గర నిలబడింది.
"కాగితం మీద తియ్యి," అంది. స్కేలు అడిగింది.
ఆ ఒక్క గీత కింద ఇంకో ఆరు గీసింది.
మొదటిదానిమీద తన పేరు,
పక్కనే: మూడోసారి ఫోను చెయ్యలేదు.
రెండోది సాయంత్రం మారూసిచ్ వచ్చి నిలబడే రాశాడు.
మూడోది నేను.
ఆ మంగళవారం కిటికీలో ఉన్నది నేనే.
ఏం మందులు వాడుతున్నారని అడగాలి.
వెనక క్యూ పొడుగ్గా ఉంది, అడగలేదు.

మిగతా నాలుగు గీతలతో ఫారం పై అంతస్తుకు,
అక్కణ్ణుంచి సాంతియాగోకు వెళ్లింది.
సోమవారం సోమవారం ఒతీలియా ఫోను చేస్తుంది.
"ఇవాళ్టికి ఎన్ని పేర్లు?"
మూడు, అంటాను.