ఒక చెయ్యి ఎక్కువ

అరండల్‌పేట పన్నెండో లైన్లోకి
కుళాయి పన్నుకొచ్చేవాడు జొన్నాదుల పేరయ్య.
చెవి మీద పెన్సిలు, చంకలో
గుంటూరు మునిసిపాలిటీ రసీదు పుస్తకం.
సైకిలుకు బెల్లు లేదు, దగ్గేవాడు.
అమ్మ చిల్లర లేదంటే
"రేపొస్తాలేమ్మా" అని
నిజంగానే రేపొచ్చేవాడు.

పద్దెనిమిదేళ్ళు తలుపులు తట్టి
ఉద్యోగం మానేసి వార్డుకు నిలబడితే
తట్టిన తలుపులే ఓట్లేశాయి.
ఎవరికీ ఎవరూ పొసగని ఏడాది అది,
రెండు జట్లూ కొట్టుకుని కొట్టుకుని అలిసి
ఆయన్ని తెచ్చి ఛైర్మన్ కుర్చీలో కూర్చోబెట్టాయి.

పదకొండు నెలలు.
తెల్లారుజామున నాలుగింటికొచ్చే నీళ్ళని
ఆరింటికి మార్చాడు, అంతే.
ఊళ్ళో ఆడవాళ్ళు
ఇంకో రెండు గంటలు నిద్రపోయారు.

అవిశ్వాసం రోజు
చేతులు లెక్కపెట్టిన అధికారి
ఒకటి తక్కువైంది, తీర్మానం వీగిందన్నాడు.
పేరయ్య కళ్ళజోడు సర్దుకుని లేచాడు:
"వెనక వరసలో మస్తానమ్మగారు కూడా ఎత్తారండీ,
స్తంభం అడ్డొచ్చింది మీకు."

సాయంత్రం కారు అక్కడే వదిలేసి
నడిచొచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు.
"ఎందుకు చెప్పావయ్యా?" అంది అమ్మ
మంచినీళ్ళిస్తూ.
గటగటా తాగి, గ్లాసు బోర్లించి
"మీది మార్చి బాకీ ఇంకా ఉందమ్మా" అన్నాడు.