యాభై రెండు

షిప్‌యార్డు సైరన్ కూస్తే
మా లోహిత్ పలక వదిలేసి
నా కుచ్చిళ్లలో దూరతాడు.
ఏడేళ్లొచ్చాయి, రోజూ కూసేదే.
బస్సు బ్రేకుకీ అంతే, కుక్కరు విజిలుకీ అంతే.
సైరన్ ఆగిపోతుంది,
వాడి గుండెదడ మాత్రం
ఎసరు మరిగేదాకా
నా అరచేతికి తగులుతూనే ఉంటుంది.

"పిరికి గుంటడు" అంటుంది మా ఆడపడుచు నూకాలు.
నేను పొయ్యి వైపు తిరుగుతాను.

హార్బర్ వెనక రొయ్యల షెడ్డు,
ఐసునీళ్లలో మొద్దుబారిన వేళ్లు,
తెల్లారగట్ట నాలుగు.
కిలోకింతని కూలి. తినడానికి లేస్తే
తూకం తగ్గిపోయేది.
రాత్రి తాగిన గంజి ఎప్పుడో ఇగిరిపోయి
తలల్లేని రొయ్యలు కళ్లముందు ఈదేవి.
కేజీహెచ్‌లో నర్సమ్మ వేలు పొడిచి
మిషను రెండుసార్లు చూసి
"యాభై రెండు" అంది.
తన క్యారేజీలోంచి బెల్లంముక్క తీసి
నోట్లో పెట్టింది.
అది కరగకముందే
లోపల్నుంచి తన్నావురా నువ్వు.

చక్కెర పడిపోతే ఒంట్లోనూ
ఒక సైరన్ మోగుతుందట.
నాకు చెమటే తెలిసింది.
నీకేం వినపడిందో, ఎన్ని రాత్రులో.
"దానివల్లేనా డాక్టరమ్మా?" అంటే
"కావచ్చు, కాకపోవచ్చు, గట్టిగా చెప్పలేం" అంది
రాసేది ఆపకుండానే.
ఆ రెండు మాటల మధ్యే పడుకుంటున్నాను
అప్పట్నుంచీ.

నిన్న నేవీ విమానాలు
బీచి మీద ఆకాశాన్ని చింపుకుంటూ పోయాయి.
పరిగెత్తుకొచ్చాడు.
వణుకుతూనే, నిక్కరు జేబులోంచి
నేను పెట్టిన బెల్లమే తీసి
"తినమ్మా, నీక్కూడా భయమే కదా" అని
నా నోట్లో కుక్కాడు.
దానికో దారప్పోగు, ఓ చీమ.

ఉమ్మెయ్యలేదు.