గుక్క

తలకు నూనె పెట్టినవా అని అడిగిండు జహంగీర్ భాయ్.
లేదన్న.
అయినా వంగి వాసన చూసిండు,
అగ్గిపెట్టె కోసం వెతికే జైలు జవాను లెక్క.

కమ్మలు తీసిన. వాచీ, ఫోను, జడకున్న పిన్నులు తీసిన.
ఏడో నంబరు నైలాన్ జెర్సీ విప్పి
వాళ్లిచ్చిన నూలు చొక్కాల దూరిన.
దాని వీపు మీద ఎవరి పేరూ లేదు.

తార్నాకల, మెట్రో పిల్లర్ పక్కన, రెండో అంతస్తుల
ఒక ఇనుప గొట్టం, దానికో గుండ్రటి కిటికీ.
సముద్రం లేని పట్నంల
నేను సముద్రం అడుక్కి పోవాలె.
"పద్నాలుగు మీటర్లు దిగుతున్నం," మైకుల అన్నడు భాయ్,
"హుస్సేన్ సాగర్ కన్నా లోతు."
కుర్చీ కదల్లే. నేల కదల్లే.
చెవులు మాత్రం దిగినయ్.
"గుటక మింగు బిడ్డా. ముక్కు మూసి ఊదు."

నా ముక్కు సంగతి నీకు తెల్వదు భాయ్.
పన్నెండేండ్లు ఒక్క గుక్క మీద బతికిన.
గీత దాటంగనే కూత పెట్టాలె, కూత తెగితే అవుటు.
అవతల ఏడుగురుంటరు గానీ
వాళ్లకన్నా ముందు నీ ఛాతే నిన్ను పట్టుకుంటది.
లాలాగూడ గ్రౌండుల మా కోచ్ సుశీలమ్మ
నల్లా కింది బకెట్ల తల ముంచమని గడియారం చూసేది.
గాలి దగ్గర అప్పు చెయ్యకే, అనేది,
అప్పు చేసినోళ్లు వెనక్కి రాలే.

ఇప్పుడు మాస్కు పెట్టి
పీల్చు, ఇంకా పీల్చు అంటున్నరు.
గంటన్నరకు నాలుగు వేలు.
మోండా మార్కెట్ల కొత్తిమీర కట్టలమ్మే మా అమ్మ
ఒకటే అడిగింది: గాలి కిలో ఎంతనే?

యూసుఫ్‌గూడల ఆఖరి నిమిషం.
చీలమండ ఒకామె చేతుల, మోకాలు ఇంకో దిక్కు,
నా వేలు గీతకు జానెడు దూరం.
ఆపరేషనైంది, కుట్లు మానలే.
"పుండు మూసుకుంటదేమో," అన్నది డాక్టరమ్మ ఫిర్దౌస్,
"ఆట సంగతి మాత్రం ఈ గొట్టం చెప్పదు, నేనూ చెప్పను."
అబద్ధం చెప్పనందుకు ఆమె మీద కోపమొచ్చింది.

ఎదురు కుర్చీల ఆటో పాపయ్య తాత,
షుగరు తిన్న పాదం పీట మీద పెట్టుకొని.
రెండు వేళ్లు పోయినయట.
"బొటనవేలు ఉంటే చాలు," అన్నడు, "బ్రేకు మీద పెట్టుకుంట."
మాస్కు పెట్టంగనే గురక.

నాకు నిద్ర రాలే.
పెదవులు వాటంతట అవే కదిలినయ్,
కబడ్డి కబడ్డి కబడ్డి,
మాస్కు లోపల పొగమంచు లేచింది.
ముప్పై సెకండ్లు. నలభై. డెబ్బై.
ఎన్నడూ ఇంత గాలి లేదు నా లోపల,
ఏడుగురినీ తాకి, ఊరు తాకి, తిరిగొచ్చేంత గాలి.
అప్పుడే మైకు గరగర: "పైకి వస్తున్నం."

నేను బిగబట్టిన.
వెనక్కి వచ్చేటప్పుడే కదా బిగబట్టాలె,
గీత ముట్టేదాకా వదలొద్దు కదా.

కిటికీ మీద దబదబ దెబ్బలు.
భాయ్ ముఖం అద్దానికి అతుక్కుంది.
"వదులు! ఊపిరి వదులు! ఛాతీ పగుల్తది,
పైకొచ్చేటప్పుడు పట్టుకోవద్దు బిడ్డా!"

గీత ముట్టకముందే గాలి వదిలిన.
పన్నెండేండ్లల్ల మొదటిసారి.
ఏడుపో దగ్గో తెల్వదు, చానా సేపొచ్చింది.
పాపయ్య తాత లేచి
కంగారుల తన బొటనవేలు చూసుకున్నడు.

తలుపు తెరిస్తే డీజిల్, మిర్చి బజ్జీ నూనె,
పట్నం ముతక గాలి, పైసా లేకుండ.
ఇంకా పదకొండు సిట్టింగులు.
జెర్సీ సంచిల పెట్టుకొని మెట్లు దిగిన,
పట్టీ ఉన్న కాలు ముందు, తర్వాత రెండోది.
ఎనిమిదో మెట్టు కాడ ఆగి
ఊపిరి తీసుకున్న.
ఎవ్వరూ అవుటు అనలే.