గండి కబురు

పాలకొల్లులో, కాలవ పక్కన,
కొబ్బరి కొట్టు మీది గది.
కింద ఇంకా కురిడీల వాసన.
పైన పది ప్లాస్టిక్ కుర్చీలు, ఒక రూటరు,
గోడకి మేకు, మేకుకి పోయినేటి క్యాలెండరు.
దీన్నే అర్జీలో
‘సమాచార భద్రతా నవకల్పనల సహకార కూటమి’ అని రాశాం.
ఊళ్ళోవాళ్ళు ‘కంప్యూటర్ల కాపలా కొట్టు’ అంటారు.
అదే బాగుంది.

మొదటి శనివారం అందరూ వచ్చారు.
రొయ్యల మేత కంపెనీ రామభద్రరాజు గారు,
సహకార బ్యాంకు పెచ్చెట్టి సోమలింగం,
పాలిటెక్నిక్ నుంచి ఇసాకు మేష్టారు, వెనక నలుగురు పిల్లలు,
నరసాపురం లేసుల సంఘం జ్ఞానసుందరమ్మ,
ఏదో ఆసుపత్రి కుర్రాడు, పేరు చెప్పలేదు.
పూతరేకులు తిన్నాం. టీలు తాగాం.
‘మీమీద ఎప్పుడైనా దాడి జరిగిందా?’
మేష్టారు అడిగితే
అందరూ ఫ్యాను వంక చూశారు.
‘మాకేం లేదండి.’
‘ఆయ్, మాకూ లేదండి.’
‘మావన్నీ కొత్త సిస్టాలేనండి.’
ఇంత భద్రమైన ఊరు
భూమ్మీద ఇంకోటి లేదనిపించింది నాకా సాయంత్రం.

మా నాన్న లస్కరు.
లాకుల తాళంచెవి మొలతాటికి కట్టుకుని నిద్రపోయేవాడు.
వరదొచ్చిన రాత్రుళ్ళు లాంతరుతో గట్టమ్మట నడిచేవాడు.
‘గోదారి గట్టు మీంచి దూకి ముంచదమ్మాయ్,
పీత బొరియలోంచి వస్తుంది,
ముందు చెంబెడు ఊట.
తేట నీళ్ళైతే చూసి ఊరుకో.
బురద నీళ్ళైతే
లోపల గట్టు కరిగిపోతోందన్నమాట. కేకెయ్యి.
పక్కూరు అందుకుంటుంది, ఆపైన ఇంకో ఊరు.’
తన గట్టున ఊట పుట్టిందని చెప్పుకోడానికి సిగ్గేసి
ఒక ఊరు కేక మింగేసిందట.
ఏ ఊరో చెప్పేవాడు కాదు.
‘మునిగింది అదొక్కటే కాదు’ అనేవాడు, అంతే.

నాలుగో శనివారం వాన.
ఐదుగురమే.
జ్ఞానసుందరమ్మ దారపుండల సంచి విప్పి
అడుగునుంచి మడతలు పడ్డ కాగితం తీసింది.
సరుకు కొనే విదేశీ కంపెనీ పేరుతో వచ్చిన ఈమెయిలు.
అడ్రసులో ‘ఎల్’ ఉండాల్సిన చోట ‘ఒకటి’ అంకె.
బ్యాంకు ఖాతా మారింది, బయానా అందులో వెయ్యమని.
నాలుగు లక్షల ఎనభై వేలు.
మూడొందల మంది ఆడాళ్ళ కూలి.
‘అల్లికలో ఒక ముడి తప్పితే
చీకట్లో వేలికొసతో పట్టేస్తానండి.
దీన్ని కళ్ళద్దాలు పెట్టుకుని కూడా
పట్టలేకపోయాను.’

వాన చప్పుడు.
రాజు గారు టీ గ్లాసు కింద పెట్టారు.
తొణికింది, తుడవలేదు.
‘అలాంటిదే మాకూ వచ్చిందమ్మా.
అదే ఖాతా నంబరు.
మావాడు పసిగట్టాడు, మేం పడలేదు.’
‘ఎప్పుడండి?’
‘మీకంటే పదకొండు రోజుల ముందు.’
‘ఎవరికన్నా చెప్పారా?’
ఆయన ఫ్యాను వంక చూడలేదు ఈసారి.

పదకొండు రోజులు.
మోటారుసైకిల్ మీద నరసాపురం
అరగంట.

ఆ రాత్రే ఇసాకు మేష్టారి పిల్లలు మొదలెట్టారు.
ఒకచోట దొంగ ఉత్తరం దొరికితే
దాని గుర్తులు మాత్రమే, ఎవరి గుట్టూ బయటపడకుండా,
మిగతా అందరి ఫోన్లూ మోగేలా.
పేరు ‘కేక’ అని నేనే పెట్టాను.
మొదటివారం పద్నాలుగుసార్లు మోగింది.
పదమూడు ఉత్తుత్తివే,
అందులో ఒకటి సోమలింగం గారి మేనకోడలి శుభలేఖ.
పద్నాలుగోది తణుకులో ఒక నూలు మిల్లుని కాచింది.
లేసుల డబ్బు తిరిగి రాలేదు.
రాజు గారు ఇప్పుడు రోజూ ఒకసారి
నరసాపురం ఫోన్ చేస్తారు, పనున్నా లేకపోయినా.

నిన్న మెట్ల మీద తడి చెప్పులు.
ఆసుపత్రి కుర్రాడు.
గుమ్మంలోనే నిలబడ్డాడు.
‘నా పేరు కొల్లాటి ధనుంజయండి.
మా దగ్గర శుక్రవారం నుంచి
ఏదో ఊరుతోందండి, సర్వర్లో.’

కుర్చీ అతని వైపు జరిపి
అడిగాను:
‘తేటా?
బురదా?’