ఏడు వేళ్ళ చెయ్యి

ఖల్లికోట కాలేజీలో మంగళవారం మధ్యాహ్నాలు
కిటికీలకు గోనెసంచులు కట్టేస్తాం.
పెచ్చులూడిన సున్నం గోడే తెర.
నిరాకార్ సార్ ప్రొజెక్టర్ని రెండు ఇటుకల మీద నిలబెట్టి
ఒడియాలో ఒక్కటే మాట అంటారు:
బొమ్మ ఆగదు, మీరూ ఆగొద్దు.

నలభై సెకండ్లు.
కొంగ లేస్తుంది.
సైకిలు వెనక ఐసుదిమ్మె కట్టుకున్న మనిషి
మలుపు తిరుగుతాడు.
ఒకామె వాకిలంతా ఊడ్చి
నడుం మీద చెయ్యి వేసుకుంటుంది,
కాదు, వేసుకోబోతుంది,
అంతలో గోడ మళ్ళీ గోడ అయిపోతుంది.

నా కాగితం మీద
కొంగకి ముక్కుంది, లేవడం లేదు.
మనిషికి మీసముంది, మలుపు లేదు.

"పేరు గీశావు," అన్నారు సార్ నా వెనక నిలబడి.
"పని గీయి. ముందు క్రియ."
మా భాషలో క్రియ ఆఖర్న వస్తుంది సార్, అన్నాను.
"మాకూ అంతేగా.
అందుకే అందరం రైలు తప్పిపోతుంటాం."

ఫాల్గుణంలో ఒక పాత రీలు తెచ్చారు.
గీతలు పడి వానలా ఉంది.
శబ్దం లేదు.
సముద్రం ఒడ్డు, అలివి వల, తాడు పట్టిన పదిమంది.
ఏ ఊరో రాసి లేదు.
"నోళియా," అన్నారెవరో చీకట్లో,
క్లాసంతా తెర వదిలి నా వైపు తిరిగింది.
నలభైలో మూడు సెకండ్లు
వాళ్ళకి అలా పోయాయి.

అందరూ తాడు దగ్గర మొదలెట్టారు.
నేను మడమ దగ్గర.
తాడుని లాగేది చెయ్యని
ఎప్పుడూ లాగనివాళ్ళు అనుకుంటారు.
మడమ ఇసకలో గుంట తవ్వుకుంటుంది,
తుంటి వెనక్కి వాలుతుంది,
వీపు సముద్రాన్ని కాదంటుంది.
చెయ్యి ఉత్త కొక్కెం.

కానీ చివరి మనిషి ఉన్నాడే,
వచ్చిన తాడుని చుట్టలు వేసేవాడు,
అతని చెయ్యి మాత్రం నాకు చిక్కలేదు.
మూడుసార్లు వేయించుకున్నాను.
మూడుసార్లూ చుట్ట మిగిలింది, చెయ్యి జారింది.

ఆ రాత్రి హాస్టల్లో దొంగతనం చేశాను.
సార్‌ని అడిగి ఫోన్లోకి ఎక్కించుకున్న ముక్కని
దుప్పటి కింద
ఆపాను.

ఆపితే చెయ్యి లేదు.
పొగలాంటిదేదో ఉంది, దానికి ఏడు వేళ్ళు.
ఒక్క ఫ్రేమ్ వెనక్కి జరిపితే మూడే.
ముందుకి జరిపితే
మణికట్టు, ఆ తర్వాత గాలి.
దిద్దడానికి రబ్బరు తీసి
మళ్ళీ పెట్టేశాను.
ఏడూ గీశాను.

"ఆపావు కదూ," అన్నారు సార్ పొద్దున.
ఆపాను సార్.
ఆపితేనే తెలిసింది, అది ఆగలేదని.
ఆయన ఏమీ అనలేదు.
జారిన గోనెసంచి కట్టడానికి స్టూలెక్కారు.

ఆదివారం బరంపురంలో బస్సు మారి
గోపాల్‌పూర్ దిగేసరికి
వల సగం ఒడ్డుకొచ్చింది.
కోర్లయ్య చిన్నాన్న చుట్టలేస్తున్నాడు.
పుస్తకం విప్పి చూపించాను.
తడి చేత్తోనే పట్టుకున్నాడు,
కాగితానికి ఒక పొలుసు అంటుకుంది.

"ఇదేట్రా గంగరాజూ, ఏడేళ్ళెట్టినావు?"
ఒక్కో వేలి మీదా తన వేలు ఆనించి లెక్కెట్టాడు.
ఏడేళ్ళ కిందటి తుపాను ముందురోజు
చిన్నాన్న చిటికెనవేలి సగాన్ని
తాడు తీసుకుపోయింది.
"ఆడికేడు. నాకు నాలుగున్నర.
మద్దినెవుడో నా వాటా ఆడికిచ్చీసినాడు,"
అని పడీపడీ నవ్వాడు.

తర్వాత వాళ్ళవైపు అరిచాడు,
వాళ్ళు నావైపు అరిచారు:
బొమ్మ అవతలెట్టు, తాడట్టుకో.

పుస్తకం చెప్పుల మీద పెట్టాను.
గాలికి పేజీలు వాటంతటవే తిరుగుతున్నాయి,
కొంగ, సైకిలు, చీపురు, కొంగ.
చూడ్డానికి తీరిక లేదు.
దిగింది
ఇసకలోకి
నా మడమ.