రెండు లంకెలు తక్కువ

రాత్రి నేను వేసిన అతుకుని
డెస్ పాస్కో వేలిగోటితో ఊడదీశాడు.
స్క్రూడ్రైవర్ కూడా అందుకోలేదు.
క్లిప్పు ఎగిరి
షెడ్డు నేల మీద ఎక్కడో పడింది.
మేమిద్దరం వెతకలేదు.

"దీని మీద ఎంత దూరం వచ్చావు?"
"సిల్వర్టన్ నుంచి."
లోపల లెక్క వేసుకున్నట్టున్నాడు,
దారంతా దిగుళ్ళు, వాటి అడుగున ఎర్ర ఇసుక,
తొంభైలో నేను.
లెక్క పైకి చెప్పలేదు.
కెటిల్ స్విచ్ వేశాడు.

బ్రోకెన్ హిల్‌లో జనవరి.
నలభై నాలుగు డిగ్రీలు. నా పేరు హిమ.
అర్థం అడిగి అందరూ ఒకసారి నవ్వుతారు.
డెస్ నవ్వడం రెండేళ్ళ కిందటే అయిపోయింది.

ఇసుకలో బండి లాగడం లేదని
వెనక చక్రానికి పెద్ద స్ప్రాకెట్ వేశాను,
నలభై అయిదు పళ్ళది తీసి నలభై తొమ్మిది.
గొలుసు చాల్లేదు.
పక్కింటి షెడ్డులో గొలుసు ముక్క దొరికింది,
డబ్బాలో రెండు క్లిప్పులు దొరికాయి,
ఇంకేం.

మా నాన్న కంసాలి. నరసాపురంలో
నా మెడ పెరిగినప్పుడల్లా
అదే గొలుసుకి నాలుగేసి లంకెలు కలిపేవాడు.
అమ్మ దిద్దు ఒకటి చెరిపి,
టంకం పెట్టి, గొట్టంతో ఊది,
చింతపండుతో తోమితే
అతుకెక్కడో ఆయనకే దొరికేది కాదు.
గొలుసంటే పెరిగేదని
అప్పటి నుంచీ నాకు నమ్మకం.

అదే చెప్పాను డెస్‌కి.
చాలాసేపు గొలుసు వైపే చూసి అన్నాడు:
"మీ నాన్న గొలుసు వేలాడుతుంది.
ఇది లాగుతుంది."

ఇరవై వేల కిలోమీటర్లు లాగిన గొలుసు.
మేకు మేకుకీ వెంట్రుకవాసి అరిగి
మొత్తం మీద వేలి మందం సాగింది.
అందులో సాగని లంకె ఇరికించడమంటే
ముసలెద్దు పక్కన కోడెను కట్టడమే
(ఈ మాట నాది, అతనికి గొర్రెలే తెలుసు).
చుట్టుకొక కుదుపు,
కుదుపుకింత వదులు.
పైగా క్లిప్పు తిరగేసి పెట్టాను.
అది చేపలా ఉంటుంది, తల ముందుకి పోవాలి.
గోదారి ఒడ్డున పుట్టి
చేపని తోక ముందుగా ఈదించాను.

"ఊడితే?"
"చక్రం పట్టేస్తుంది. లేదా ఇంజన్ గూడు పగులుతుంది.
లేదా కాలు."
ఆ మాట దగ్గర తన ఎడమ మోకాలి వైపు
అతను చూసుకోలేదు.
చూసుకోకపోవడం నేను చూశాను.

"పొడిగించేది లేదు. పొడుగుది కొని కోస్తాం."
నూట ఇరవై లంకెల కొత్త గొలుసు.
నూట పన్నెండు దగ్గర సుద్దముక్కతో గీత.
అతను లెక్కపెట్టాడు, నేను లెక్కపెట్టాను,
నాకు నూట పదకొండు వచ్చింది,
మళ్ళీ మొదటి నుంచి.
మేకు తల రాపిడి చక్రానికి అరగదీసి
అప్పుడు నొక్కాడు. బయటికొచ్చింది.
నాలుగు రబ్బరు రింగులు, నాలుగింటికీ
వేలికొసతో గ్రీజు నేనే పూశాను.
పక్క పలక, మిగతావాటితో సమానంగా కూర్చునే వరకే.
"ఎక్కువ నొక్కితే రింగు చస్తుంది."

చివరికి మేకు కొనలు విప్పారాలి, పువ్వులా కాదు,
మొగ్గ విప్పీ విప్పనట్టు.
పావు తిప్పు, కాలిపర్ పెట్టు, పావు తిప్పు.
బంగారం తూచేటప్పుడు నాన్నలాగే
ఊపిరి బిగబట్టానని తర్వాత తెలిసింది.
"ఇంకొక్క పావు?"
"అది పగులు."

చక్రం తిప్పి తిప్పి చూశాం,
అన్ని చోట్లా ఒకటే వదులు.
కొత్త లంకె వేలికి తెలుస్తుంది, కంటికి తెలీదు.
టీ సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

మిగిలిన ఎనిమిది లంకెలూ
బిస్కెట్ల డబ్బాలో పడేశాడు.
నిండా అలాంటి ముక్కలే.
"ఎందుకివి?"
"రెండు లంకెలుంటే ఇవ్వమని వస్తారు జనం."
"ఇస్తావా?"
"ఉన్నాయని చూపించి, ఇవ్వనని చెప్తాను."

నాకొకటి కావాలన్నాను. మెడలోకి.
మేకు అరగదీసి, ఒక్క లంకె విడదీసి,
గుడ్డతో నూనె తుడిచి ఇచ్చాడు.

"వేలాడ్డానికైతే సరే."