తొమ్మిది రోజులు

నవంబరు రాగానే
వశిష్ఠ పాయ దాటి లంకలోకి వెళతాను.
సంచిలో వేలిముద్రల యంత్రం,
జేబులో పదిహేడు పేర్ల కాగితం.
మిలిటరీ పింఛను తీసుకునేవాళ్ళు
ఇంకా బతికే ఉన్నారని
ఉత్తరాదిలో ఎక్కడో ఉన్న ఆఫీసుకి
చెప్పి రావడం నా ఉద్యోగం.

పదకొండో పేరు చొల్లంగి వరహాలమ్మ.
భర్త నాయక్ ఏడుకొండలు, ఇంజినీర్ల పటాలం.
ఏం చేసేవారమ్మా అంటే
"వంతెనలు కట్టేవారండి" అంది.
"ఒకటి మంచులోనంట, ఒకటి ఇసకలోనంట,
ఒకటైతే రాత్రికి రాత్రి కట్టి
తెల్లారకుండానే విప్పేశారంట.
ఒక్క మనిషీ దాటలేదంట దాని మీద,
అది తల్చుకునే బాధపడేవారు."

ఇక్కడి గట్టున మాత్రం
వంతెనకి వేసిన శంకుస్థాపన రాళ్ళు మూడు.
మేకలు ఒళ్ళు గోక్కుంటాయి.

బొటనవేలు పెట్టమన్నాను.
యంత్రం ఎర్రగా కసిరింది.
చూపుడువేలు. మళ్ళీ ఎరుపే.
తడిగుడ్డతో తుడిచాను, కొబ్బరినూనె రాయించాను.
నలభై ఏళ్ళు పీచు పేనిన వేళ్ళు.
గీతలన్నీ ఏనాడో తాళ్ళలోకి వెళ్ళిపోయాయి.

"కాయితాలు చూస్తే నమ్ముద్దేమో బాబూ"
అని రేకుపెట్టె తెచ్చింది.
పెట్టెకి చుట్టిన తాడు ముడి
ఎంత లాగినా జారదు,
ఒక కొస పట్టుకుంటే చాలు, విడిపోయింది.

పే బుక్కు మధ్యలో
ప్లాస్టిక్ కవరు తొడిగిన ఒకే ఒక్క పేజీ.
ఎర్ర సిరాతో రాసి ఉంది:
సెలవు మీరి తొమ్మిది రోజులు గైర్హాజరు,
పద్నాలుగు రోజుల జీతం కోత.

ఇదేంటమ్మా, ఇది దాచుకున్నారు?

ఎనభై ఆరు వరద.
సెలవు అయిపోయి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని
రేవుకి వెళ్ళాడట. రేవు లేదు.
వెనక్కొచ్చి యూనిఫారం విప్పి దండెం మీద వేసి
కత్తి తీసుకుని అరటితోటలోకి దిగాడట.
"బోదెలు నరికారు. మా ఇంట్లో తాడు,
పాలకొల్లు షావుకారికి చుట్టిపెట్టిన నలభై చుట్టలు,
అడగనైనా అడగలేదండి నన్ను, అంతా పట్టుకుపోయారు.
తెప్ప మీద తెప్ప. మనుషులంతా ఎక్కారు గానీ
ఒక పాడిగేదె మాత్రం ఎక్కనని మొండికేసింది.
దాంతోనే సగం పూట పోయింది."

తంతి కొడదామంటే స్తంభాలే మునిగాయి.
తొమ్మిదో నాటికి నీరు తీసింది.
వెళ్ళి వరద అని చెబితే
ఆ పైఆఫీసరు నవ్వాడంట.
సెలవు మీరిన ప్రతివాడి ఊళ్ళోనూ
ఒక వరద వస్తుందన్నాడంట.
ఈయనకి హిందీ అంతంతమాత్రం,
సెల్యూటు కొట్టి ఊరుకున్నాడు.

"పతకాలు ఉండేవండి మూడు.
మనవలు ఆడుకుని ఎక్కడో పారేశారు.
పోతే పోయాయి.
ఇది మాత్రం పెట్టెలోంచి తియ్యనివ్వను."

షావుకారి బాకీ తీరడానికి
ఇంకో రెండేళ్ళు పట్టిందట.
అది నవ్వుతూ చెప్పలేదు.

ఎడమచేతి చిటికెనవేలు ఆఖరిది.
పీచుకి అందకుండా పక్కకి ఒదిగి బతికిన వేలు.
పచ్చదీపం వెలిగింది.
యంత్రంలోంచి ఆడగొంతు ఒకటి
ఇంగ్లీషులో ఏదో అంది.
పిలిచారనుకుందో ఏమో
వరహాలమ్మ చీరకొంగు సర్దుకుని లేచి నిలబడి
"ఆయ్" అంది.

మిగిలిన ఆరు పేర్లూ అయ్యేసరికి పొద్దు వాలింది.
అందులో ఒకరు ఇక లేరు, కొట్టేశాను.
పడవ కుర్రాడు గుంజ దగ్గరికి వంగి
తాడు కొస పట్టుకుని ఒక్కటే లాగాడు.
ముడి విడిపోయింది.

ఎవరు నేర్పారు నీకిది?

వాడు నావైపు వింతగా చూశాడు.
"నేర్పడమేంటండి,
మా ఊళ్ళో అందరూ ఇలాగే కడతారు."